చెప్పబడినది, కాని...

ఒకరు సాఫ్ట్‌వేర్ రాసేవారు, ఇంకొకరు రెవెన్యూ ఉద్యోగి. ఇద్దరిదీ పాత మహబూబ్‌నగర్ జిల్లాయే. ఇక్కడ ఒకరి పేరు మోడల్, ఇంకొకరి పేరు మోకా. రెవెన్యూ భాష తెలియనివారి కోసం: మోకా అంటే భూమి నిజంగా ఉన్న చోటు, కాగితం మీద కాదు.

మోడల్: ధరణి చెడింది కోడ్ వల్ల కాదన్నా. 2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో మొదలైన ఆ భూమి రికార్డుల పోర్టల్ తనకు చెప్పిన పనిని చాలావరకు చెప్పినట్టే చేసింది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దారు ఆఫీసుకు పోతే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ ఒకే పూట అయ్యాయి. అంతకుముందు మ్యుటేషన్ ఒక్కదానికే చెప్పులరిగేవి. తప్పంతా ఆ 'చెప్పిన పని' దగ్గరే ఉంది. ఏం కావాలో రాసుకునే దశలో ఉంది. ఆ దశకు పనిముట్లున్నాయి. అవి వాడి ఉంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రజావాణిలో సోమవారం వస్తే భూమి అర్జీ పట్టుకుని నిలబడేవాళ్లలో చాలామంది ఇంటిదగ్గరే ఉండేవాళ్లు.

మోకా: పనిముట్లంటే ఏంది తమ్మీ, నాగలా, గుంటకా?

మోడల్: దాదాపు అలాంటివే. ముందు దున్నాలి, తర్వాత విత్తాలి. మేం చాలాసార్లు దున్నకుండానే విత్తేస్తాం. డోర్స్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. విమానాలు, రైళ్లు, ఉపగ్రహాలు కట్టేవాళ్లు 1990ల నుంచి వాడుతున్నారు. అందులో ప్రతి అవసరానికీ ఒక నంబరు ఉంటుంది. అది ఎవరు అడిగితే వచ్చింది, దాన్ని తీర్చే కోడ్ ఏది, తీరిందని తేల్చిన పరీక్ష ఏది, ఈ మూడూ ఒకే దారానికి కట్టి ఉంటాయి. పైన ఒకటి మారితే కింద దానికి ముడిపడిన ప్రతిదాని మీదా అనుమానపు గుర్తు పడుతుంది. ఇక వాక్యం రాసే తీరుకు ఈయర్స్ అనే పద్ధతి. రోల్స్ రాయిస్ ఇంజినీర్లు 2009లో బయటపెట్టారు. 'ఫలానాది జరిగినప్పుడు', 'ఫలానా స్థితిలో ఉన్నంతసేపు', 'ఒకవేళ తేడా వస్తే' అని నాలుగైదు మూసలు. వాటిలో పట్టని వాక్యం రాయకూడదు. 'సత్వరమే పరిష్కరించవలెను' లాంటివి అక్కడ చెల్లవు.

మోకా: ఆ ఒక్క రూలు పెడితే మా జీవోలు సగం తెల్లకాగితాలైతయి.

మోడల్: అసలు పదునైనవి ఇంకా ఉన్నాయి. అల్లాయ్, టీఎల్ఏ ప్లస్. మనం రాసిన నియమాలను ఇవి లెక్కలోకి దింపుతాయి. ప్రతి నియమాన్నీ పాటిస్తూనే కొంప మునిగే దారి ఏదైనా ఉంటే, అడుగు అడుగు వేసి మరీ చూపిస్తాయి. అమెజాన్ ఇంజినీర్లు 2015లో రాసిన వ్యాసంలో చెప్పారు: వాళ్ల డేటాబేస్‌లో ఒక తప్పు వరసగా 35 అడుగులు పడితే తప్ప బయటపడదు. ఏ మనిషీ అంత దూరం ఊహించలేడు, యంత్రం ఊహించింది. పారిస్ మెట్రో 14వ లైనులో 1998 నుంచి డ్రైవర్ లేని రైళ్లు నడుస్తున్నాయి. వాటి భద్రతను చూసే కోడ్‌ను బీ పద్ధతిలో గణితంతో నిరూపించి దింపారు. రైలుకు ఉన్న జాగ్రత్త రైతుకు ఎందుకు ఉండకూడదు?

మోకా: రైలు పట్టాల మీద పోతది. భూమి అన్నదమ్ముల మీద పోతది. సరే, నీ పనిముట్లు విన్న. మావి కూడా విను. మాకు పనిముట్లు లేవనుకోకు. పహాణీ మాట యాడికెళ్లి వచ్చింది? మరాఠీలకెళ్లి. చూసివచ్చుడు అని అర్థం. పొలంలకు పోయి, ఎవడు దున్నుతుండు, ఏం పంట వేసిండు, నీళ్లు బావియా కాలువయా చూసి రాసేది పహాణీ. దాని మీద పై అధికారి మళ్లీ పోయి చూసేది అజమాయిషీ. అది పారసీ మాట, పరీక్ష అని అర్థం. ఇప్పుడు తెలుగుల దాన్ని పెత్తనం కింద వాడుతున్నరు, మాట కూడా మోకా విడిచిపెట్టింది. ఏడాదికోసారి జమాబందీ, ఊరి లెక్కల తనిఖీ. రాసుడు, పరీక్షించుడు, లెక్క అప్పజెప్పుడు. నువ్వు రోల్స్ రాయిస్ దాకా పోయి తెచ్చిన సంగతులు మా ఊరి చావడిలనే ఉన్నయి. వాటిని తీసిపారేసి కంప్యూటర్ పెట్టిండ్రు.

మోడల్: ఉన్నాయి. ఎలా ఉన్నాయో కూడా చెప్పండి. చూసివచ్చే పహాణీని ఎంతమంది చూసి రాశారు? నిరుటి పుస్తకం ముందు పెట్టుకుని ఈ ఏటిది దింపేసినవాళ్లు లేరా? కాస్తు కాలమ్‌లో ఒక పేరు ఎక్కించడానికి ఒక రేటు, దించడానికి ఇంకో రేటు ఉండేదని ప్రతి ఊరికీ తెలుసు. 2020 సెప్టెంబరులో వీఆర్వో పోస్టులే ఎత్తేస్తే పల్లెల్లో ఏడ్చినవాళ్లు తక్కువ. అంతకు ముందు ఏడాది అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారును ఆఫీసులోనే సజీవదహనం చేసిన ఘోరాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆఫీసుల మీద జనానికి ఎంత కసి పేరుకుపోయిందో ఆ తర్వాత రోజుల్లో వినబడిన మాటలు చెప్పాయి. మనిషి చేతిలో పెట్టిన అజమాయిషీ ఎక్కడికి పోయిందో అప్పుడే చూశాం కదా.

మోకా: అది కాదన. ఆ బురద మా డిపార్టుమెంటు మీదనే ఉన్నది, కడుక్కుంటే పోదు. కాని నువ్వు ఒక మాట దాటిపోతున్నవు. ఆ కసికి జవాబుగా పైవాళ్లు సాఫ్ట్‌వేర్‌ను ఏం అడిగిండ్రు? 'మనిషి చెయ్యి తగలొద్దు' అని. అదే దానికి మొదటి అవసరం. నీ డోర్స్‌ల దానికి ఒకటో నంబరు. చెయ్యి తగలొద్దన్నప్పుడు, తప్పుంటే దిద్దే చెయ్యి యాడుంటది? 2017లో రికార్డుల ప్రక్షాళన పెట్టిండ్రు. ఆ వెనుక 2018 మే పదిన రైతుబంధు చెక్కులు. ఎకరానికి నాలుగు వేలు. చెక్కుల తారీఖు ముందే పడ్డది కాబట్టి రికార్డు ఆ లోపల తేలాలె. తేలనియ్యి పార్ట్-బి అని పక్కకు పెట్టిండ్రు. గెట్టు పంచాయితీ ఉన్నది, పార్ట్-బి. అడవితోని జగడం, పార్ట్-బి. ఆధార్ ఇయ్యలే, పార్ట్-బి. తర్వాత చూద్దామన్నరు. ఆ తర్వాత అన్నది వచ్చేసరికి వీఆర్వో లేడు, తహసీల్దారుకు దిద్దే పవరు లేదు, రెవెన్యూ కోర్టు లేదు.

మోడల్: మీరు నా వాదనే చెప్తున్నారన్నా! దీన్నే నేను ఒక్క అరపూటలో మోడల్‌గా గీసి చూపించేవాణ్ని. ఒక ఖాతా ఉండగల స్థితులు ఏవి, ఒక స్థితి నుంచి ఇంకోదానికి పోయే దారులు ఏవి. పార్ట్-బి లోపలికి పోయే దారులు ఆరో ఏడో, బయటికి వచ్చే దారి సున్నా. ఇలాంటి గదిని వెతికి పట్టుకోవడమే ఆ టీఎల్ఏ ప్లస్ వాడే మోడల్ చెకర్‌కు పుట్టుకతో వచ్చిన పని. 'ఇక్కడికి చేరిన ఖాతా ఇక కదలదు' అని మొదటి నిమిషంలోనే ఎర్రగా చూపించేది.

మోకా: ఎవలకు చూపించేది?

మోడల్: రాసినవాళ్లకు.

మోకా: రాసినోళ్లకు తెల్వదా? తహసీల్దారు ఆఫీసుల ఆపరేటర్ పిల్లగానికి మొదటి రోజే తెలుసు. 'సిస్టంల ఆప్షన్ లేదు' అని వాడే కిటికీ అవతల నిలబడ్డోళ్లకు చెప్పిండు. ఆ మూడు మాటలు ఈ అయిదేండ్లల్ల ఎన్ని లక్షల సార్లు వినబడ్డయో. మీ చెకర్ కన్న ముందు ఆ పిల్లగాడు కనిపెట్టిండు. తెలిసినోని మాట పైకి పోయే దారి లేదు, అది నీ బొమ్మల గీసినవా?

మోడల్: ఆపరేటర్ మాట మాటగానే ఉంటుంది. బొమ్మలో పడ్డ ఎర్రగుర్తు అలా గాలికి పోదు. సమీక్షలో ముందు పెడితే, పక్కకు పెట్టాలన్నా ఎవరో ఒకరు చూసి, కారణం రాసి పక్కకు పెట్టాలి. ఇంకో ఉదాహరణ చెప్తాను, మీకు ఇది నచ్చుతుంది. ఒక సర్వే నంబరు, ఆర్‌ఎస్‌ఆర్, అంటే పాత సర్వే రిజిస్టరు ప్రకారం పదెకరాలు అనుకోండి. మూడు తరాల్లో ముక్కలైంది. అమ్మకాలు, పంపకాలు, చేతిరాతలు. కాగితాల మీద ముక్కలన్నీ కూడితే పదెకరాల పన్నెండు గుంటలు తేలింది. సాఫ్ట్‌వేర్‌లో నియమం: ముక్కల మొత్తం ఆర్‌ఎస్‌ఆర్‌ను దాటకూడదు. లెక్కలో తిరుగులేని నియమం. ఫలితం ఏమిటి? ముందు వచ్చినవాళ్లకు పాసుబుక్కులు, ఆఖరున వచ్చినవాడికి విస్తీర్ణం లేదు. ఇదే నియమాన్ని అల్లాయ్‌లో పెడితే అది వెంటనే ఒక ఉదాహరణ చూపిస్తుంది: నలుగురు హక్కుదారులు, నియమం నిలబడింది, నాలుగోవాడి చేతిలో శూన్యం. ఇది మీకు సమ్మతమేనా అని అడుగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అవునో కాదో చెప్పాలి. అందరికీ కొంచెం కొంచెం తగ్గించాలా, కొలిచేదాకా అందరిదీ ఆపాలా, పన్నెండు గుంటలూ చివరివాడి మీదే పడాలా? ఆ ప్రశ్న ఆఫీసులో కూర్చున్నవాళ్ల ముందుకు రాకుండా రైతు నెత్తిన పడింది. నా బాధ అదే.

మోకా: ఇది బాగ చెప్పినవు. ఇక్కడ ఒప్పుకుంట. మా ఆఫీసులల్ల ఇసొంటి ప్రశ్న ఎవలూ పూర్తిగ అడగరు. 'పరిశీలించి తగు చర్య' అని రాసి కిందికి తోస్తరు. నీ యంత్రం మాటలతోని తప్పించుకోనియ్యదు, అది మంచిదే. కాని ఆ పన్నెండు గుంటలు యాడున్నయో నీ అల్లాయ్ చెప్పదు. కాగితం మీద ఎక్కువైందా, నిజాం కాలం కొలతల్నే తక్కువ పడ్డదా, పక్క నంబరులకెళ్లి గెట్టు జరిగిందా? గొలుసు పట్టుకుని పోవాలె. సర్వేయర్ యాడుండె? మండలానికొక్కడు దొరుకుడే కష్టముండె.

మోడల్: సరే. అయితే మీ తరఫు వాదనను నేనే ఒకసారి గట్టిగా చెప్తాను, నాకు వచ్చిన భాషలో. 1996 జూన్ 4. ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి లేచింది. 40 సెకన్లు తిరక్కముందే ముక్కలైంది. దిశ చూసే యూనిట్‌ను పాత ఏరియాన్ 4 నుంచి యథాతథంగా తెచ్చి పెట్టారు. పాతదానికి ఆ కోడ్ సరైనదే, పరీక్షలన్నీ నెగ్గింది. కొత్త రాకెట్ ఎంత వేగంగా పక్కకు పోతుందన్నది ఆ యూనిట్ స్పెసిఫికేషన్‌లో చేర్చలేదని విచారణలో తేలింది. రాసినదాని ప్రకారం అంతా ఒప్పే. రాయనిది రాకెట్‌ను పేల్చింది. ఏ పనిముట్టూ రాయనిదాన్ని పరీక్షించదు. రాసినట్టు కట్టామా అన్నది ఒక ప్రశ్న, కావలసింది రాశామా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మా దగ్గర పది పనిముట్లున్నాయి. రెండోదానికి నిజంగా చెప్పాలంటే ఉన్నవి అరకొరే.

మోకా: ఆ రాకెట్ కతనే పాలమూరు కత. 2017లో రికార్డు సాఫు చేసేటప్పుడు మా ఊర్లల్ల సగం ఇండ్లకు తాళాలు. పుణె, ముంబై, బెంగుళూరు, యాడ మట్టిపని ఉంటె ఆడ. ఊర్ల పేరు పిలిచినప్పుడు పలకనోడి ఖాతా ఏమైతది? ఆధార్ లేదు, ఫోటో లేదు, సంతకం లేదు. ఆ రికార్డునే 2020లో ఉన్నదున్నట్టు ఎత్తి కొత్త రాకెట్‌ల పెట్టిండ్రు. 'పట్టాదారు ఊర్ల ఉంటడు' అని యాడ రాసి లేదు, కాని దాని మీదనే అంతా నిలబడ్డది. మాది వలసల జిల్లా అని దేశమంతటికీ తెలుసు, సాఫ్ట్‌వేర్‌కు తెల్వలేదు.

ఇంకొకటి. గద్వాల సంస్థానం ఊర్లున్నయి, వనపర్తి సంస్థానం ఊర్లున్నయి. ఇనాం భూములు, 1950 కౌలుదారీ చట్టం కింద 38-ఇ సర్టిఫికెట్లు, నల్లమల దిక్కు అటవీ హక్కుల పట్టాలు, శ్రీశైలం నీళ్లల్ల మునిగిన కొల్లాపూర్ దిక్కు నంబర్లు. ఒక్క చెలక మీద నాలుగు రకాల హక్కు పొరలు పొరలుగ ఉంటది. పాత పహాణీల ముప్పైకి పైగ కాలమ్‌లు ఊకనే పెట్టలే. అండ్ల అనుభవదారు కాలమ్‌ను తీసేసిండ్రు. ఒక భూమి, ఒక పేరు. మీ డేటాబేస్ మురిసిపోయే లెక్క.

మోడల్: ఆ కాలమ్ మరిచిపోయి తీసింది కాదన్నా. కౌలుకు ఇచ్చిన ఆసామి భూమి పోగొట్టుకోకూడదనే తీశామని అప్పటి ముఖ్యమంత్రి బహిరంగంగానే సమర్థించుకున్నారు. అది తప్పిదం కాదు, నిర్ణయం. పక్కా అవసరం. అడిగినవారు ఎవరో తెలుసు, ఎందుకో తెలుసు.

మోకా: ఆ! నేను నీ నోట ఈ మాట కోసమే చూస్తున్న. నిర్ణయమన్నప్పుడు నీ పనిముట్టు ఏం చేస్తది? దానికి 47 అనో 48 అనో నంబరిచ్చి, దారం కట్టి, పరీక్ష రాసి, నెగ్గింది అని పచ్చగుర్తు పెడ్తది. గద్వాల దిక్కు విత్తనపత్తి చేన్లల్ల నడుము వంచేటోళ్లల్ల కౌలురైతులు లేరా? వాళ్లు ఆ కాగితంల ఎన్నో నంబరు? లేనోన్ని లేకుండ చేసుడు ఇంతకుముందు చేతితోని జరిగేది, అడిగితే పట్వారీ కండ్లు దించుకునేటోడు. ఇప్పుడు గణితంతోని జరుగుతది. ఎవడూ కండ్లు దించుకునే పని లేదు.

మోడల్: ఈ దెబ్బ తగిలింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒక ముక్క మాత్రం ఉంది. ఆ నంబరు పక్కన 'దీనివల్ల నష్టపోయేది ఎవరు' అని ఒక గడి పెట్టి, అది నింపితే తప్ప ముందుకు పోనివ్వకుండా చేయవచ్చు. అక్కడ 'కౌలుదారు' అని రాయక తప్పదు. రాశాక కూడా తీసేయవచ్చు, నిజమే. కానీ రాసి ఉన్నది రేపు ఒక విలేఖరి చేతికి, ఒక జడ్జి చేతికి చిక్కుతుంది. పట్వారీ కళ్లు దించుకున్నది ఏ ఫైల్లోనూ దొరకదు.

మోకా: ఫైల్ల దొరికింది జడ్జి దగ్గరికి పోతదనే నమ్మకం నీకుంది. ఉండనీ, చిన్నోనివి.

మోడల్: ఉండబట్టే కదా మాట్లాడుతున్నాను. సాదాబైనామాలు చూడండి. తెల్లకాగితం మీద కొన్నవాళ్ల దగ్గర 2020లో దరఖాస్తులు తీసుకున్నారు, నవంబరు పది దాకా. అవి 1971 చట్టం కింద తీసుకున్నవి. ఈలోగా అక్టోబరు 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చి ఆ 1971 చట్టమే పోయింది. కొత్త చట్టంలో సాదాబైనామా ఊసు లేదు. హైకోర్టు ఆపింది. లక్షల మంది దరఖాస్తులు ఏళ్లతరబడి అలాగే పడి ఉండిపోయాయి. డోర్స్‌లో చట్టపు సెక్షన్‌ను పై అవసరంగా, దరఖాస్తు ఫారాన్ని కింది అవసరంగా కట్టి ఉంటే, పైది మార్చిన క్షణాన కిందిదాని మీద అనుమానపు గుర్తు పడేది. నాకు ఇంత తేట ఉదాహరణ ప్రపంచంలో ఇంకోటి దొరకదు.

మోకా: తేటగనే ఉన్నది. కాని చట్టం రాసేటోడు సెక్రటేరియట్‌ల ఒక గదిల ఉంటడు, దరఖాస్తు తీసుకునేటోడు మీసేవల ఉంటడు, కోడ్ రాసేటోడు కంపెనీల ఉంటడు. ముగ్గురికి ఒక దారం కట్టే మనిషి ఎవడు? దారం సాఫ్ట్‌వేర్‌ల ఉన్నదంటవు. కట్టే అధికారం ఎవలకున్నదో అది జీవోల ఉంటది. ఆ జీవో ఇయ్యమని నీ డోర్స్ అడగగలుగుతదా? 1998లో కార్డ్ వచ్చింది, నువ్వప్పుడు నిక్కరేసుకున్నవు. రిజిస్ట్రేషన్ ఆఫీసులల్ల కంప్యూటర్లు. ఒక్కరోజుల దస్తావేజు చేతికొచ్చింది. ఎందుకు నడిచింది? రిజిస్ట్రేషన్ అంటే ఒక పూట జరిగి ముగిసేది. ఇద్దరొచ్చిండ్రు, సంతకం పెట్టిండ్రు, పోయిండ్రు. హక్కు అట్ల ముగిసేది కాదు. తండ్రి పోతడు, విరాసత్ కావాలె. బిడ్డ అడుగుతది. కాలువకు రెండెకరాలు పోతయి. ఏదుల, వట్టెం, నార్లాపూర్, ఇన్ని రిజర్వాయర్లు తవ్వినం. ఒక సర్వే నంబరుల కొంత భూమి సర్కారుదైతే నంబరు నంబరంతా నిషేధిత జాబితాలకు పోయిన సంగతి రాష్ట్రమంతటా చూసినం. మిగిలిన ఆరుగురు ఆసాములు ఏం పాపం చేసిండ్రు?

మోడల్: అది మళ్లీ మోడల్ తప్పే. నిషేధం తగిలించాల్సింది ముక్కకు, తగిలించింది నంబరుకు. ఏ వస్తువుకు ఏ గుణం అతుక్కోవాలన్నది మొదటి పాఠం.

మోకా: ముక్కకు హద్దు గీసి ఉంటే గదా ముక్కకు తగిలించేది! నక్షా మీద ముక్కలు లేవు. సర్వే నంబరు దాకనే గీత ఉన్నది. కింద 'అ', 'ఆ', 'ఇ' అని అక్షరాలున్నయి, గీతలు లేవు. లేని గీతకు నువ్వు గుణం ఎట్ల అతికిస్తవు?

మోడల్: సరే, అది ఒప్పుకుంటున్నాను. కాని ఒక్కటి చూడండి. ధరణిలో ఒక్కో అర్జీ రకానికి ఒక్కో మాడ్యూల్ పుట్టుకుంటూ పోయింది. పాసుబుక్కులో తప్పు దిద్దుకునే టీఎం33 పేరు తెలియని రైతు లేడు. ఆ 33 మాడ్యూళ్లూ ఏమిటి? ముందు రాయాల్సిన అవసరాల పత్రాన్ని రైతుల చేత, వాళ్ల ఖర్చుతో, ఒక్కో పేజీగా వెనక నుంచి రాయించడమే. కుంటలో నీళ్లెంత లోతో పిల్లల్ని దింపి చూసినట్టు.

మోకా: నేను తిరగేసి చెప్తా. అట్ల తప్ప అది రాయబడేది కాదు. ధరణికి ముందు మమ్మల్ని కూసోబెట్టి 'ఏం కావాలె' అని అడిగితే మేం ఏం చెప్దుము? 'పని తొందరగ కావాలె, లంచం ఉండొద్దు' అంటుము. దెబ్బ తగిలినంక గదా నొప్పి యాడున్నదో తెల్సేది. అందుకనే కొత్తదానికి కొంచెం దారి మార్చిండ్రు. 2024 జనవరిల కమిటీ వేసిండ్రు, ఆగస్టుల ముసాయిదా జనం ముందర పెట్టిండ్రు. 2025 ఏప్రిల్ 14న ధరణి జాగల భూభారతి మొదలుపెట్టి, ముందుగాల నాలుగు మండలాలల్లనే చూసిండ్రు. అండ్ల మన పక్క నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. జూన్‌ల ఊరూర రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నరు. ఇది మా పద్ధతి. చెట్టు కింద టేబులేసి కూసొని వినుడు.

మోడల్: అర్జీ ఇవ్వడం వేరు, అవసరం రాయడం వేరు. సదస్సులో తీసుకున్న కాగితాలు గుట్టలు గుట్టలుగా వస్తాయి. అందులో ఏవి ఒకే రకం, ఏది ఏ నియమాన్ని తప్పు పడుతోంది, రెండు అర్జీలు ఒకదానికొకటి అడ్డమైతే ఏది నిలవాలి? చెట్టు కింద విన్నది చెట్టు కిందే ఉండిపోతుంది. మాడ్యూళ్లను ఆరుకు కుదించామన్నారు. మంచిదే. 33లో రైతులు నేర్పిన పాఠాలు ఆరులోకి చేరాయా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? పాతవాటిని కొత్తవాటికి ముడివేసిన పట్టిక ఉంటే ఒక్క చూపులో తెలుస్తుంది. లేకపోతే మళ్లీ పిల్లల్ని కుంటలోకి దింపడమే. ఇంకో సంగతి, మీ భాషలోనే రాసుకునే పనిముట్టు కూడా ఉంది. కుకుంబర్ అంటారు, దాని రాతకు గెర్కిన్ అని పేరు. రైతు చెప్పిన ఉదాహరణనే పరీక్షగా మార్చేస్తుంది. దాని కీలక పదాలు తెలుగులో కూడా ఉన్నాయి, ఎవరో పుణ్యాత్ములు ఎక్కించారు. 'సన్నివేశం', 'నేపథ్యం', 'చెప్పబడినది', 'ఈ పరిస్థితిలో', 'అప్పుడు', 'మరియు', 'కాని'.

మోకా: 'చెప్పబడినది'! తెలుగోడు ఎవడన్న నోటితోని అంటడా ఆ మాట? కోర్టు తర్జుమా లెక్కనే ఉన్నది. కాని... ఆ 'కాని' ఉన్నది చూడు, అది పనికొచ్చే మాట. మా నౌకరీ అంతా ఆ ఒక్క మాటనే. 'పేరు ఆయనదే, కాని'. సరే, రాయి ఒకటి, చూద్దాం.

మోడల్: చెప్పండి. సన్నివేశం: వలస పోయిన రైతు ఖాతా.

మోకా: చెప్పబడినది, ఒక ఊర్ల ఒక నంబరుల మూడెకరాలు ఒకాయన పేరున ఉన్నది.

మోడల్: మరియు, 2017లో రికార్డు సరిచేసినప్పుడు ఆయన పుణెలో ఉన్నాడు, ఆధార్ ఇవ్వలేదు. ఈ పరిస్థితిలో, ఇప్పుడు ఊరికి వచ్చి భూభారతిలో దరఖాస్తు పెట్టాడు. అప్పుడు, పాసుబుక్కు రావాలి.

మోకా: తొందరపడకు. కాని, ఈ ఎనిమిదేండ్లు ఆ చెలక తమ్ముడు దున్నుకున్నడు.

మోడల్: రాశాను.

మోకా: కాని, ఎకరం కాలువ కింద పోయింది. మరియు, దాని పైసలు తమ్ముడే తీసుకున్నడు.

మోడల్: అవార్డు కాపీ ఉందా?

మోకా: ఉన్నది, అండ్ల పేరు తండ్రిది. తండ్రి పోయి పదిహేనేండ్లు. కాని, అక్క ఒకామె ఉన్నది, ఆమె సంగతి ఇద్దరు తమ్ముండ్లూ ఎత్తరు. ఆమె అచ్చంపేటల ఉంటది.

మోడల్: అన్నా, ఎన్ని 'కాని'లు పెట్టినా ఈ పనిముట్టు ఏమీ అనదు. కానీ కింద 'అప్పుడు' దగ్గర తేలిన ఫలితం ఉండాలి. ఒకదానికొకటి అడ్డమైన రెండు రాస్తే పరీక్ష కాదు. ఏం రాయమంటారు?

మోకా: నువ్వే రాయి. నేను అడ్డం రాను. కాని దాని కింద సంతకం ఎవలదో ముందుగాల చెప్పు. తహసీల్దారుదా, ఆర్డీవోదా, నీదా?

మోడల్: గెర్కిన్‌లో సంతకానికి చోటు లేదు.

మోకా: అయితే ఇంకో 'కాని' రాసుకో.